గ్వాంగ్‌జౌ విమానాశ్రయం పెరిగిందా, పక్కవాళ్లు తగ్గారా?

రన్‌వే రాజు:
2020లో ప్రపంచంలోకెల్లా రద్దీ విమానాశ్రయం ఏదంటే చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్న బైయున్ అని చెబుతారు. ఆ ఏడాది ప్రయాణికులు 4.37 కోట్లు. అంతకు ముందు ఏడాది 7.3 కోట్లు! దాదాపు మూడు కోట్ల మందిని పోగొట్టుకుని మొదటి ర్యాంకు కొట్టడమన్నమాట. కరోనాకు అమెరికాలోని అట్లాంటా విమానాశ్రయం 11 కోట్ల నుంచి 4.3 కోట్లకు కూలబట్టి సరిపోయింది. అదే 2020 సెప్టెంబరులో మూడో టెర్మినల్‌, కొత్త రన్‌వేలతో బైయున్ మూడో దశ విస్తరణ మొదలుపెట్టారు. ఇది అవసరమా, ఆర్భాటమా? ఆర్భాటమనే నేనంటాను.

లెక్కల మాస్టారు:
రాజు గారూ, ర్యాంకు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒకటో, రెండో టెర్మినళ్లు కలిపి 8 కోట్ల మందికి కట్టినవి. 2024లో వచ్చినవారు 7.6 కోట్లు. గిన్నె పొంగాక పెద్ద గిన్నె కోసం వెతుకుతామా? మూడో టెర్మినల్ 2025 అక్టోబరులో తెరిచారు. ఆలస్యమైందని కూడా అనవచ్చు.

రన్‌వే రాజు:
2019 నుంచి 2024 దాకా పెరిగింది ముప్పై లక్షలే కదండీ. అందులోనూ ఎక్కువమంది దేశంలోపల తిరిగేవారు. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని వూహాన్‌కు రైలు నాలుగు గంటల్లో చేరుస్తోంది. హాంకాంగ్‌కు గంట చాలు. అక్కడొక మహా విమానాశ్రయం, మధ్యలో షెన్‌జెన్‌ది మరొకటి. ఇంత దగ్గర దగ్గరగా మూడూ పోటీపడి రన్‌వేలు వేసుకుంటూ పోతే నింపేదెవరు?

దీపాల వ్యాపారి:
గ్వాంగ్‌జౌలో ఏడాదికి రెండుసార్లు జరిగే కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శనకు హైదరాబాదు నుంచి వెళ్లేవాళ్లలో నేనొకణ్ని. మీరిద్దరూ మనుషుల్నే లెక్కపెడుతున్నారు. పెట్టెల మాటేమిటి? సరుకులు చేరవేసే ఫెడెక్స్ కంపెనీ తన ఆసియా కేంద్రాన్ని ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే నుంచి 2009లో బైయున్‌కు మార్చింది, ఊరి అందం చూసి కాదు, చుట్టూ ఉన్న కర్మాగారాలను చూసి. పాత విమానాశ్రయం ఊళ్లోనే ఉండేది. పెంచుదామంటే చుట్టూ ఇళ్లే. 2004 ఆగస్టులో దాన్ని మూసేసి నగర కేంద్రానికి 28 కిలోమీటర్ల అవతలికి పోబట్టే ఈ రోజు అయిదు రన్‌వేలు పట్టాయి. మనమూ 2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కు వెళ్లినవాళ్లమే, ఈ సంగతి మనకు కొత్తగా చెప్పాలా?

రన్‌వే రాజు:
పెట్టెల మాట బాగుంది, ఇంతవరకు ఎవరూ అనలేదు. అయినా ఒక్క సందేహం. పెట్టెలకు కావలసింది రన్‌వే, గోదాము. అద్దాల టెర్మినల్ ఎందుకండీ?

లెక్కల మాస్టారు:
వ్యాపారి గారు పెట్టెలో కూర్చుని వెళ్లరు కదా!

దీపాల వ్యాపారి:
ఫెయిర్ రోజుల్లో వచ్చి చూడండి మాస్టారూ, దాదాపు అలాగే ఉంటుంది.

రన్‌వే రాజు:
సరే, అయిదో రన్‌వే మీకు వదిలేశాను. టెర్మినల్ మీద మాత్రం నా మాట నాదే.