సరస్వతి ఆకు, బ్రాహ్మి ఒకటేనా? ఆకు చూసి తేల్చేదెలా?

ప్రశ్న:
నా దగ్గర రెండు కుండీల్లో రెండు మొక్కలున్నాయి. ఇచ్చినవాళ్ళు వేరు వేరు, ఇద్దరూ బ్రాహ్మి అనే చెప్పారు, తీరా చూస్తే రెండిటికీ పోలికే లేదు. ఒకదానికి గుండ్రటి ఆకులు, పొడుగాటి కాడలు. రెండోదానికి చిన్న మందపాటి ఆకులు, కాడే కనిపించదు. రోజూ నాలుగాకులు తిందామనుకుని టెన్షన్ వచ్చి ఆగిపోయాను. ఏది అసలుదండీ?

జవాబు 1:
ఆగి మంచి పని చేశారు. ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాల అధికారిక పుస్తకంలో, బ్రాహ్మి అంటే బకోపా మొన్నియేరి, మండూకపర్ణి అంటే సెంటెల్లా ఏషియాటికా, అంటే మన సరస్వతి ఆకు. జనం నోట మాత్రం రెండూ బ్రాహ్మే, గొడవంతా అక్కడే. మీ రెండో మొక్కకి ఆకులు జంటలుగా ఎదురెదురుగా ఉండి, అంచు నున్నగా ఉండి, నడి ఈనె తప్ప మిగతావి సరిగ్గా కనపడకపోతే అది బకోపా కావచ్చు. మొదటిదాని ఆకు వెనక్కి తిప్పి కాడ ఎక్కడ అతుక్కుందో చూడండి. సెంటెల్లాకి ఆకు మొదట్లో ఉన్న నొక్కు దగ్గర అతుక్కుంటుంది, ఈనెలన్నీ అక్కడి నుంచే విసనకర్రలా విచ్చుకుంటాయి. గొడుగు కర్రలా ఆకు మధ్యలో అతుక్కుంటే అది హైడ్రోకోటైల్, అక్వేరియంలలో పెంచే జాతి. ఇంకోటి, సెంటెల్లాకి నేల మీద పాకే తీగలో ఒక్కో కణుపు నుంచి రెండు మూడు ఆకులు గుత్తిగా లేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ఫోన్ లైట్ వేసి చూశాను. కాడ నొక్కు దగ్గరే ఉంది, అంచుకి పెద్ద పెద్ద గుండ్రటి పళ్ళు కూడా ఉన్నాయి, కానీ ఏ కణుపు చూసినా ఒక్కటే ఆకు.

జవాబు 2:
అయితే తొందరపడకండి, ఎలుక చెవి ఆకు కూడా అచ్చం అలాగే నేల మీద పాకుతుంది, దాన్ని చూసి సరస్వతి ఆకని పొరబడొచ్చు. ఒక్క ఆకు అన్నదాంతోనే తేల్చలేం, పువ్వు రానివ్వండి. ఎలుక చెవికి పసుపుపచ్చ గరాటు పువ్వు. సెంటెల్లాకి ఆకుల కింద, దాదాపు నేలకి ఆనుకుని, కంటికి ఆననంత చిన్న గులాబీ రంగు పూలు. ఎండబెట్టి పొడి చేశాక ఈ గుర్తులేవీ మిగలవు, అప్పుడిక మైక్రోస్కోప్, లేదంటే ల్యాబ్‌లో ఏషియాటికోసైడ్ (సెంటెల్లాలో ఉండే ఒక రసాయనం) ఉందో లేదో చూసే పరీక్ష చేయించాల్సిందే. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే వేరు, కణుపు, పువ్వుతో సహా ఒక తీగని పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి దాచండి. అప్పటిదాకా తినొద్దండీ. పువ్వు రాగానే ఫొటో పెట్టండి, కణుపు కూడా పడేలా.