కూకటివేళ్ళతో పెకలించడం: ఏ చెట్టుకు, ఎంత లోతుకు?

పదకోశం పని చేస్తున్న సభ్యురాలి ప్రశ్న:
తుపాను వచ్చిన ప్రతిసారీ "చెట్లు కూకటివేళ్ళతో సహా కూలాయి" అని వార్తల్లో రాస్తారు. బడిపిల్లల పదకోశంలో కూకటివేరుకు "తల్లివేరు" అని అర్థం ఇవ్వాలనుకుంటున్నాం. కానీ కూలిన చెట్ల ఫొటోల్లో కిందికి దిగిన తల్లివేరు ఎక్కడా కనబడదు. వెడల్పుగా లేచిన మట్టీ, అన్ని వైపులా తెగిన పక్కవేళ్ళే కనిపిస్తాయి. అర్థం మార్చాలా? చెట్ల పని తెలిసినవాళ్ళు చెప్పండి.

తెలుగు మాస్టారు:
కూకటి అంటే పిల్లల తల మీది జుట్టుముడి, శిఖ. కూకటివేరుకు నిఘంటువులు ఇచ్చే అర్థం తల్లివేరే, దాన్ని మార్చక్కర్లేదు. జాతీయంలో మాత్రం ఎప్పుడూ బహువచనమే: "కూకటివేళ్ళతో". అక్కడ ఒక వేరని కాదు, ఏదీ మిగలకుండా అని. క్రియను కూడా గమనించండి. కలుపుమొక్కను పీకుతాం, మొద్దును గునపం వేసి పెళ్ళగిస్తాం. పెకలించడం అంటే నేలలో ఉన్న పట్టు వదిలించి పైకి లేపడం. ఆ పట్టు తల్లివేరుదా, పక్కవేళ్ళదా అన్నది మాట చెప్పదు. అది చెట్టువాళ్ళే చెప్పాలి.

విశాఖ, చెట్ల కోత పని:
పట్టు పక్కవేళ్ళదేనండీ. తల్లివేరు మొక్క వయసులో ముందు దిగుతుంది. చెట్టు పెద్దయ్యేకొద్దీ బరువంతా పక్కవేళ్ళ మీదికి మారుతుంది. వేళ్ళకు గాలి, నీరు రెండూ దొరికేది పైమట్టిలో కాబట్టి చాలా చెట్లకు వేళ్ళలో ఎక్కువ భాగం పై మీటరు లోపలే ఉంటుంది. పక్కలకు మాత్రం కొమ్మల నీడ దాటి పోతాయి. అడుగున రాయి గానీ, నీరు నిలిచే పొర గానీ తగిలితే తల్లివేరు అక్కడే ఆగిపోతుంది. వదులు నేలలో వేప బాగా లోతుకు దిగుతుంది. రోడ్డు పక్కన కంకర మీద పెరిగిన తురాయి దిగదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో వేలాది చెట్లు పడ్డాయి. అలాంటి గాలికి పడ్డవి రెండు రకాలు: నడుము దగ్గర విరిగినవి, వేళ్ళతో లేచినవి. గాలి వచ్చే వైపున్న వేళ్ళే మోకుల్లా చెట్టును వెనక్కి లాగి పట్టుకుంటాయి. మురుగుకాలువ కోసం ఆ వైపు వేళ్ళు నరికేసి ఉంటే చెట్టు అవతలి వైపుకి పడుతుంది. మట్టి నానిపోయి ఉంటే అంత గాలి కూడా అక్కర్లేదు.

పదకోశంలో పెట్టినా పెట్టకపోయినా ఒక సంగతి చెప్పి తీరాలి. వేళ్ళతో లేచిన చెట్టు విరిగిన చెట్టుకన్నా ప్రమాదం. మట్టితో నిలబడ్డ ఆ వేళ్ళగడ్డ టన్నుల బరువుంటుంది, దాన్ని అక్కడ ఆపుతున్నది మానే. మానును కోసిన మరుక్షణం గడ్డ తిరిగి గుంటలో పడొచ్చు, లేదా కోసేవాడి మీదికే వాలొచ్చు. అందుకే గుంటలోకి ఎవరూ దిగకూడదు, పిల్లలు అస్సలు ఎక్కకూడదు. గడ్డకు వించ్ (తాడు చుట్టి లాగే యంత్రం) తాడు బిగించి, ఒకటి రెండు మీటర్ల మొద్దు వదిలిపెట్టి కోస్తారు. అంతకన్నా ముందు కరెంటువాళ్ళు లైన్ ఆపారని రూఢి చేసుకోవాలి.

కోతలోనూ వరస ఉంది. ఒక చివర వేళ్ళగడ్డ మీద, ఇంకో చివర కొమ్మల మీద ఆనుకుని మధ్యలో వేలాడే మాను పైభాగం నొక్కుకుని, అడుగు సాగి ఉంటుంది. ముందు పైనుంచి మూడోవంతు లోపే కోయాలి. కోత సందు మూసుకోవడం మొదలైతే ఆగి, మిగతాది అడుగు నుంచి పైకి కోయాలి. పైనుంచే చివరిదాకా కోస్తే చైన్ రంపం బార్, అంటే చైన్ తిరిగే పొడుగాటి పట్టీ, ఇరుక్కుంటుంది. కొమ్మలు ముందే నరికేసి, మాను గడ్డకే వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది: పైభాగం సాగి, అడుగు నొక్కుకుని ఉంటుంది. అప్పుడు మొదటి కోత అడుగున, చివరిది పైన. సాగిన వైపు ముందు కోస్తే మాను నిలువునా చీలి ఎగిరి తంతుంది.

వేళ్ళు కోసేముందు మట్టి గీకి, నీళ్ళు కొట్టాలి. ఇసుక తగిలితే చైన్ పళ్ళు నిమిషంలో మొద్దుబారతాయి. రంపం నుంచి చెక్క పెచ్చులు రాకుండా సన్నటి పొడి రాలుతోందంటే పదును పోయినట్టే. ఆపి ఆకురాయి పట్టాలి. పదును లేని రంపాన్ని బలంగా నొక్కితే బార్ మొన తగిలి రంపం ఎగదన్నే ప్రమాదం ఎక్కువ.

కడియం, నర్సరీ పని:
మాకు కూకటివేరు జాతీయం కాదండీ, రోజూ చేతికి తగిలే వేరు. పెద్ద చెట్టును మట్టిగడ్డతో లేపి లారీ ఎక్కించాలంటే గడ్డ వెడల్పు మొదలు మందానికి ఎనిమిది నుంచి పది రెట్లు ఉండాలి. మొదలు 20 సెం.మీ. ఉంటే గడ్డ దాదాపు 1.8 మీటర్లు. లోతు 80 సెం.మీ. అనుకున్నా మూడు టన్నులు దాటుతుంది. క్రేన్ లేనిదే కుదరదు. ముందు చుట్టూ సగం మేర గాడి తీసి వేళ్ళు తెంచి, మట్టి పూడుస్తారు. రెండు మూడు నెలల్లో అక్కడ పిల్లవేళ్ళు వచ్చాక మిగతా సగం. గోనెసంచి చుట్టి, తాడుతో గట్టిగా బిగించాక అడుగున మిగిలిన వేరు తెంచాలి. చుట్టూ ఎంత తవ్వినా అది తెగేదాకా చెట్టు ఊగుతుందే గానీ లేవదు. దాన్ని జేసీబీ పంటితో లాగితే పీచులు పీచులుగా చీలి కుళ్ళు ఎక్కుతుంది. రంపంతో నున్నగా కోయాలి.

ఇంకోటి. ప్లాస్టిక్ సంచిలో ఏడాది దాటి ఉన్న మొక్కకు కూకటివేరు అడుగున గుండ్రంగా చుట్టుకుంటుంది. అలాగే నాటితే ఆ చుట్ట విప్పుకోదు, ఏళ్ళ తర్వాత గాలికి మొదలంటా తిరిగి పడేవి అవే. నాటేముందు అడుగున రెండు మూడు సెంటీమీటర్లు కోసేసి, పక్కల్లో మూడు నాలుగు నిలువు గాట్లు పెట్టాలి.

కోనసీమ సభ్యుడు:
కొబ్బరి, తాడి, ఈత చెట్లకు అసలు తల్లివేరే లేదు. మొదలు నుంచి ఇంచుమించు ఒకే మందం ఉన్న వేళ్ళు వేలకొద్దీ వస్తాయి. కొబ్బరిచెట్టు "కూకటివేళ్ళతో" కూలిందని రాయడం జాతీయంగా సరే, పదకోశంలో బొమ్మ వేస్తే మాత్రం కొబ్బరిచెట్టు వేయకండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
తప్పకుండా. వేపమొక్క బొమ్మ వేయిస్తాం. "మొదలంటా నరకడం", "కూకటివేళ్ళతో తీయడం" ఒకటేనా?

విశాఖ, చెట్ల కోత పని:
కాదండీ, రెండూ వేరే పనులు, కూలీ కూడా వేరు. మొదలంటా అంటే నేల మట్టానికి కోత, వేరు భూమిలోనే ఉంటుంది. ఈ తేడా సర్కారు తుమ్మ దగ్గర బాగా తెలుస్తుంది. నేల మట్టానికి నరికితే ఒక్క కాండానికి బదులు పది చిగుళ్ళు లేస్తాయి. దాని మొగ్గలు నిద్రపోయేది నేల లోపల, కాండమూ వేరూ కలిసే చోట. చుట్టూ తవ్వి, కనీసం జానెడు నుంచి అడుగు లోతున వేరును తెంచితే పైముక్కతో ఆ మొగ్గలన్నీ వచ్చేస్తాయి. కింద మిగిలిన వేరు ఎంత పొడుగున్నా చిగురించదు. అంటే కూకటివేరు చివరిదాకా తవ్వక్కర్లేదు, దాని తల తెగితే చాలు. వానలు పడ్డాక గుంట చూడండి. చిగురు కనిపిస్తే కోత పైన పడిందన్నమాట, ఇంకొంచెం కిందికి తవ్వి మళ్ళీ తెంచాలి.