గోంగూర మటన్ పక్కన 15 శాతం రెడ్ వైన్: తప్పు సీసాదా, తిండిదా?

పిల్లర్ నంబర్ 47

మా బావమరిది బార్సిలోనా నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీ కోటా రెండు లీటర్లలో రెండు వైన్ సీసాలు పట్టుకొచ్చాడు. స్పెయిన్‌లో కటలోనియా వైపు ప్రియొరాట్ అని ఒక కొండప్రాంతం ఉంది, అక్కడి రెడ్ బ్లెండ్. గర్నాచా, కరిన్యేనా అని రెండు రకాల ద్రాక్ష కలిపి చేసింది, లేబుల్ మీద ఆల్కహాల్ 15 శాతం. పోయిన ఆదివారం అత్తాపూర్‌లో మా ఇంట్లో భోజనం. మా ఆవిడ గోంగూర మటన్ చేసింది, పచ్చిమిర్చి గోంగూరతో పాటే ఉడికించి, పైన మళ్లీ ఎండుమిర్చి తాలింపు. "రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి బావా, ఫ్రిజ్‌లో పెడితే పరువు పోతుంది" అన్నాడని పొద్దున్నించీ సీసాను ఫ్రిజ్ మీద పెట్టాను. లోపల కాదు, పైన.

మొదటి గుక్క బాగుంది, అబద్ధం ఎందుకు. అల్లనేరేడు పళ్లు పిండి దాంట్లో కాస్త మిరియాల పొడి చల్లినట్టు. తర్వాత ఒక ముద్ద తిని రెండో గుక్క వేశాను. అంతే! నాలుక మీద నిప్పు, చిగుళ్లకు పచ్చి వక్క నమిలినంత వగరు, గొంతులో స్పిరిట్ దిగినట్టు మంట. నేరేడు పండు ఎటు పోయిందో తెలీదు. మా మామగారు ఏమీ మాట్లాడకుండా తన గ్లాసులో సగం థమ్సప్ పోసుకున్నారు. బావమరిది మొహం చూడాలి అప్పుడు.

తిండి తప్పని వాడంటాడు, సీసా తప్పని నేనంటాను. ఇంత బరువైన రెడ్ మన కారానికి అసలు పనికొస్తుందా రాదా, ఎవరైనా తేల్చండి. ఇంకో సీసా మూత తీయకుండా ఉంది.

కల్లుముంత

తేల్చడానికి ఏముంది అన్నా, పనికిరాదు. మన ఊళ్లో గల్లీకో బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, లోపలికి పోయి వైన్ అడిగి చూడు, కౌంటర్ దగ్గర పిల్లాడు నిన్ను పైనుంచి కింది దాకా చూసి వెనక అరలో దుమ్ము పట్టిన సీసా ఒకటి తీస్తాడు. ఊరు మొత్తం తప్పు చేస్తోందంటావా? కారం తిండి పక్కన ఏముండాలో మన తాతలకు తెలుసు. పొద్దున దించిన ఈత కల్లు, కాస్త తీపి, కాస్త పులుపు, మత్తు తక్కువ, పక్కన బోటీ ఫ్రై. అది దొరక్కపోతే చల్లటి బీరు. 15 శాతం వగరు నీళ్లు కాదు.

కిచెన్ వెనక గేటు

పదకొండేళ్లుగా రెస్టారెంట్ వంటగదుల్లో పనిచేస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, భరించండి.

ముందు ఆ ఫ్రిజ్ సంగతి. రూమ్ టెంపరేచర్ అన్న మాట పుట్టింది చలి దేశాల్లో, హీటర్లు లేని రాతి ఇళ్లలో. అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం అత్తాపూర్‌లో ఏసీ లేని హాల్లో ఎంత ఉంటుందో నీకే తెలుసు, పైగా ఫ్రిజ్ పైభాగం ఇంట్లో వెచ్చటి చోట్లలో ఒకటి. వేడెక్కిన వైన్‌లోంచి ఆల్కహాల్ ఆవిరి ముందుగా ముక్కుకు కొడుతుంది, పండు వాసన దాని కింద పడి నలిగిపోతుంది. ఫ్రిజ్ లోపల ఓ నలభై నిమిషాలు పెట్టి తీస్తే సగం గొడవ అక్కడే తీరేది.

రెండోది కారం. మిరపకాయ మంటకూ నిజమైన వేడికీ నోట్లో స్పందించేది ఒకటే గ్రాహకం, అంటే నరాల చివర ఉండే సెన్సార్ లాంటిది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది, ఆల్కహాల్ తగిలితే 34 దగ్గరే లేచి కూర్చుంటుంది. నోరు ఉండేదే 37 దగ్గర. అంటే మందే మంట పుట్టిస్తోంది, దాని మీద పచ్చిమిర్చి. 15 శాతం కాబట్టి ఇంకా ఎక్కువ. ఇక్కడ కల్లుముంత చెప్పింది కరెక్టే, కారానికి తక్కువ ఆల్కహాల్, కాస్త తీపి ఉన్నదే నప్పుతుంది.

కానీ అసలు దొంగ గోంగూర. పుల్లటిది తిన్నాక దానికంటే పులుపు తక్కువున్న వైన్ తాగితే చప్పగా అనిపిస్తుంది. ఉన్న కాస్త పులుపు నాలుకకు తెలీకుండా పోతే మిగిలేది వగరూ మందూ. అదే నీకు జరిగింది. వగరుకు విరుగుడు కొవ్వు, మాంసం, ఉప్పు. వగరు పుట్టించే టానిన్లు అనే పదార్థాలు మన లాలాజలంలోని ప్రోటీన్‌ను పట్టుకుని నోరు ఎండిపోయినట్టు చేస్తాయి, నోట్లో మాంసం ఉంటే దాన్ని పట్టుకుంటాయి. కాబట్టి మటన్ తప్పు కాదు, గోంగూర తప్పు. అదే సీసా రాతి పలక మీద కాల్చే పత్థర్ కా గోష్త్ పక్కనో, జీడిపప్పు, పెరుగు వేసిన దమ్ కా గోష్త్ పక్కనో పెట్టు, తర్వాత మాట్లాడదాం.

లెక్కల పంతులు

అందరూ తిండి గురించే మాట్లాడుతున్నారు, కొండ గురించి ఎవరూ అడగరేం? "కొండవాలు తోట" అనగానే రేటు రెట్టింపు. బంజారాహిల్స్ కూడా కొండే, అక్కడ పండేది అద్దెలే. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం వేశారు, అంటే డ్యూటీ ఫ్రీ కాకపోతే ఇదే సీసాకు నువ్వు పన్ను కట్టి, రవాణా కట్టి, లేబుల్ మీది కొండ బొమ్మకు డబ్బులిచ్చినట్టు. రెండు ద్రాక్షలు కలపడం కూడా నాకు అనుమానమే, దేనికది నిలబడలేకనే కదా కలిపేది. కాబర్నే, షిరాజ్ ద్రాక్షలు కలిపిన బ్లెండ్ కావాలంటే నంది హిల్స్ దగ్గర గ్రోవర్ వాళ్లు లా రిజర్వ్ అని ఎప్పట్నించో చేస్తున్నారు. హంపి కొండల్లో కృస్మ అనే వైన్ తోట పెట్టింది మన హైదరాబాద్ దంపతులే.

నేరేడుచెట్టు

పంతులుగారూ, సీతాఫలం తిన్నారా ఎప్పుడైనా? మహబూబ్‌నగర్ గుట్టల మీద రాళ్ల మధ్య కాసిందీ, నీళ్లు పెట్టి పెంచిన తోటకాయా పక్కపక్కన పెట్టండి. గుట్టకాయ చిన్నది, గింజలెక్కువ, కానీ తీపి దానిదే. కొండవాలు ద్రాక్షదీ అదే కథ. వాన నీరు నిలవదు, మట్టి పల్చన, చెట్టు కష్టపడుతుంది, గుత్తులు తక్కువ, పండు చిన్నది. పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తోలు ఎక్కువ, రంగూ వగరూ ఉండేది తోల్లోనే. ప్రియొరాట్‌లో నేల నల్లటి పలకరాయి, లికొరెల్లా అంటారు, అభ్రకం మెరుస్తూ పొరలు పొరలుగా విరిగిపోతుంది, నీళ్ల కోసం వేళ్లు ఆ పగుళ్లలోంచి లోతుకు దిగుతాయి. 12వ శతాబ్దంలో స్కాలా దేయి మఠం సన్యాసులు అక్కడ తోటలు వేశారు. 19వ శతాబ్దం చివర ఫిలోక్సెరా పురుగు వాటిని తినేస్తే ఊళ్లు ఖాళీ అయ్యాయి. రెనే బార్బియే, అల్వారో పలాసియోస్ లాంటి కొద్దిమంది వైన్ తయారీదారులు వచ్చి 1989 పంటతో మళ్లీ లేపారు. ఇప్పుడు స్పెయిన్‌లో అన్నిటికంటే పై హోదా ఉన్న వైన్ ప్రాంతాలు రెండే, రియోహా, ఇది. బొమ్మకు అంత హోదా ఇవ్వరు కదా.

కలపడం గురించి కూడా మీరన్నది తిరగేసి చూడాలి. గర్నాచాకు తీపి ఎక్కువ, అందుకే ఆల్కహాల్ ఎక్కుతుంది, పండు రుచి ఉంటుంది, కానీ పులుపు తక్కువ. కరిన్యేనాకు పులుపు, వగరు, రంగు. ఒకటి బెల్లం, ఒకటి చింతపండు. పులుసులో రెండూ ఎందుకేస్తారని ఎవరూ అడగరు.

ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ ఎక్కువగా ఉన్నవి అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలే. తెల్లటి పెద్ద పండు, తినడానికి బ్రహ్మాండం. రెడ్ వైన్‌కు కావలసిన నల్ల తోలు మాత్రం దానికి లేదు.

అన్నట్టు పిల్లర్ గారూ, మీ మామగారిని ఎవరూ నవ్వొద్దు. స్పెయిన్‌లోనే బాస్క్ వాళ్లు రెడ్ వైన్‌లో కోలా కలుపుకుని తాగుతారు, కాలిమోచో అంటారు.

లెక్కల పంతులు

సీతాఫలం దగ్గర ఒప్పుకుంటాను. రేటు దగ్గర ఒప్పుకోను.

పిల్లర్ నంబర్ 47

శనివారం రెండో సీసా తీశాం. ఫ్రిజ్‌లో నలభై ఐదు నిమిషాలు పెట్టి, తాగే అరగంట ముందు ఒక స్టీలు జగ్గులోకి వంపాం, డికాంటర్ ఎవరింట్లో ఉంటుంది. ఒక పళ్లెంలో బయటి నుంచి తెప్పించిన దమ్ కా గోష్త్, షికంపూర్ కబాబ్, ఇంకో దాంట్లో అదే గోంగూర మటన్, కారం ఒక్క గింజ తగ్గించలేదు.

గోష్త్‌తో వగరు నిజంగానే మాయమైంది, నేరేడు రుచి తిన్నాక కూడా నిలబడింది. అన్నిటికంటే బాగా కుదిరింది షికంపూర్, లోపల పెరుగు, ఉల్లిపాయ, పుదీనా ఉంటాయి కదా, అది కొరికి గుక్క వేస్తే నేనే రెండోసారి చెయ్యి చాపాను. గోంగూరతో మాత్రం పోయినసారి అంత ఘోరం కాదు గానీ, చప్పగా, చివర్లో మంట. చల్లదనం కొంత కాపాడింది, గెలిపించలేదు. బావమరిది అప్పటికీ "చూశావా బావా, తిండే" అంటున్నాడు. ఫ్రిజ్ మీద పెట్టమన్నదెవరో మర్చిపోయాడు.

మామగారు మొదటి గ్లాసులో యథాప్రకారం థమ్సప్ పోసుకున్నారు. కబాబ్ వచ్చాక రెండో గ్లాసు థమ్సప్ లేకుండా అడిగారు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

కల్లుముంత

గోంగూర చేతిలో ఓడిపోయింది కదా మరి? ఆ ఒక్క లైను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.