“అవునంటే అవును, కాదంటే కాదు”: మొండితనమా, మాట నిలకడా?

సభ్యులందరికీ వందనాలు. మత్తయి సువార్త 5:37లోని “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను” అన్న వాక్యం, ఒకసారి అన్న మాటను ఎట్టి పరిస్థితిలోనూ మార్చుకోకూడదని చెబుతోందా అని ఇక్కడ ఒకరు అడిగారు. ఈ సందేహానికి మూలం మన వాడుకలోనే ఉంది. “మా నాన్న కాదంటే కాదంతే” అన్నప్పుడు ఆ మాటలో సత్యసంధత కంటే పట్టుదల, దానితోపాటు కాస్త మొండితనం వినిపిస్తాయి. ఆ చెవితోనే సువార్తను చదివితే, క్రీస్తు మనల్ని బిగుసుకొని కూర్చోమన్నాడేమో అనిపించడం సహజమే.

గ్రీకు మూలంలో ఉన్నవి “అవును అవును, కాదు కాదు” అన్న వట్టి జంట మాటలే. వాటిని ఉన్నవున్నట్టు తెలుగులో పెడితే అర్థం చెడుతుంది. “అవునవును” అన్నామంటే సగం వింటూ తల ఊపుతున్నామనో, వెటకారం చేస్తున్నామనో ఎదుటివారు అనుకుంటారు. అనువాదకులు నడుమ “అంటే” చేర్చి, నోటితో పలికినదానికీ నిజంగా ఉన్నదానికీ ముడి వేశారు. యాకోబు పత్రిక 5:12లో గ్రీకు నిర్మాణం కొంత వేరుగా, “మీ అవును అవునై ఉండాలి” అన్న పోకడలో ఉంటుంది. తెలుగులో రెండు చోట్లా ఒకే పలుకుబడి కనిపిస్తుంది, అది బాగానే అమరింది.

అసలు చిక్కు ఈ వాక్యాన్ని దాని ముందున్న వచనాల నుంచి విడదీసి చదవడంలో ఉంది. అక్కడ ప్రస్తావన ఒట్టు గురించి. ఆకాశము తోడనవద్దు, భూమి తోడనవద్దు, యెరూషలేము తోడనవద్దు, చివరికి ఒక్క వెండ్రుకను తెలుపుగా గాని నలుపుగా గాని చేయలేని నీ తల తోడని కూడా అనవద్దు అన్న తరువాతే “అవునంటే అవును” వస్తుంది. బలిపీఠం తోడంటే ఫరవాలేదు గానీ దానిమీది అర్పణ తోడంటే కట్టుబడాలి అన్న లెక్కలు ఆనాడు ఉండేవని మత్తయి 23వ అధ్యాయం చెబుతుంది. ఒట్లలో హెచ్చుతగ్గులు ఏర్పడ్డాయంటే, ఒట్టు లేని మాటకు విలువ లేకుండా పోయిందన్న మాట. మన “తోడు” కూడా చిత్రమైన పదం: దారిలో వెంట వచ్చేవాడూ తోడే, మాట నిలబడడానికి పిలుచుకునే సాక్షీ తోడే.

హైదరాబాదులో ఒట్లకు కొదవ లేదు. “నీ మీద ఒట్టు” అనేవారు, “కసమ్” అనేవారు ఒకే బస్తీలో ఉంటారు. బేగంబజారులో “పొద్దున్నే బోణీ బేరం, అబద్ధం చెబుతానా” అన్న మాటలో, మధ్యాహ్నమైతే చెప్పవచ్చునన్న ఒప్పుకోలు దాగి ఉంటుంది. మన సంఘాల్లో పెరిగినవారు మాత్రం సాధారణంగా ఒట్టు పెట్టుకోరు. ఒట్టు వేయకూడదని, ఐరోపాలోని అనాబాప్టిస్టులనే సంస్కరణవాద క్రైస్తవులు 1527లో చేసిన విశ్వాస ప్రకటన, అంటే ష్లైట్‌హైమ్ ఒప్పుకోలులోని ఏడవ అంశం చెబుతుంది. ఆ సంప్రదాయపు వారసులైన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు మహబూబ్‌నగర్ వైపు బలంగా ఉన్నాయి, శంషాబాదులో వారి బైబిలు కళాశాల ఉంది. ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) సంప్రదాయపు 39 విశ్వాస అంశాల్లో చివరిది మాత్రం న్యాయాధికారి కోరితే ప్రమాణం చేయవచ్చునంటుంది. 1969 నాటి ప్రమాణాల చట్టం సాక్షికి దేవుని పేరు ఎత్తకుండా ధ్రువీకరించే వీలు కల్పించింది గనుక కోర్టులో ఈ తగవు పెద్దగా రాదు.

తగవంతా కోర్టు బయటే ఉంది. ఒట్టు మానేసిన మన నోట మరికొన్ని భక్తిగల మాటలు చేరాయి. డిసెంబరులో సికింద్రాబాదులోని ఏ క్రైస్తవ దర్జీ దుకాణంలోనైనా నిలబడి చూడండి. కొలతలు బిల్లు పుస్తకంలో ఎక్కించి, బట్టకు చీటీ గుచ్చి, ఇంకా కత్తెర పడని గుడ్డల గుట్ట మీద దాన్ని విసిరి, “ప్రభువు చిత్తమైతే 24 సాయంత్రానికి ఇచ్చేస్తానండి” అంటాడు. ఆ గుట్ట 24లోగా తరగదని ప్రభువు కంటే ముందు అతనికే తెలుసు. దర్జీని ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు. సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతావా అని పాస్టరు అయ్యగారు అడిగితే, అప్పటికే వద్దని నిశ్చయించుకున్న యువకుడు “ప్రార్థన చేసి చెబుతానయ్యగారూ” అంటాడు. ఆయనకు కూడా అది “కాదు” అని అర్థమై, మరునాడే ఇంకొకరిని అడుగుతారు. ఇద్దరి నడుమ అబద్ధమేమీ దొర్లలేదు, కానీ ప్రార్థన అన్న మాట ఒక మర్యాదపూర్వకమైన తలుపు గడియగా మారింది. క్రీస్తు వద్దన్న ఒట్టు చేసే పనినే ఇది తిరగేసి చేస్తోందని నా అభిప్రాయం: ఒట్టు బలహీనమైన మాటకు దేవుని పేరుతో ఊతమిస్తుంది, ఇది చెప్పవలసిన మాటను దేవుని పేరు చాటున దాచిపెడుతుంది. “ఈ ఏడు నాకు వీలుపడదయ్యగారూ” అంటే ఆయన నొచ్చుకోరు.

ఇక ఉద్దేశం మార్చుకోవచ్చునా అన్న మొదటి ప్రశ్నకు, కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయం చూడవలసి ఉంటుంది. వస్తానని చెప్పి రాకపోయినందుకు ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు మీద ఇదే నింద పడింది. అవును అవునంటూనే కాదు కాదనే చపలచిత్తుడినా నేను అని ఆయన అడుగుతాడు. గమనించవలసినది, మొదటి పత్రిక 4:19లో ఇదే సంఘానికి “ప్రభువు చిత్తమైతే” త్వరలో వస్తానని రాసినవాడు, ఇక్కడ రాకపోవడాన్ని ఆ మాట మీదికి నెట్టలేదు. మీమీద కనికరంతోనే రాలేదని 23వ వచనంలో తన కారణం తాను చెప్పుకున్నాడు. అయితే అదే వచనంలో ఆయన దేవుణ్ణి సాక్షిగా కూడా పిలిచాడు. అది క్రీస్తు వద్దన్న ఒట్టు కిందికి వస్తుందా, రాదా అన్నది తెలిసినవారు ఈ చర్చలోనే రాయగలరు.