ఎన్‌ఎండీసీ డివిడెండ్ నిజంగా తగ్గిందా? పాత లెక్కలు, ఈల్డ్ ఎలా చూడాలి?

ప్రశ్న

పదవీ విరమణ చేసిన మా నాన్నగారి డీమ్యాట్ ఖాతాలో చాలా ఏళ్లుగా ప్రభుత్వ రంగ ఇనుప ఖనిజ సంస్థ ఎన్‌ఎండీసీ షేర్లు ఉన్నాయి. వాటిపై వచ్చే డివిడెండ్‌ను ఆయన ఇంటి ఖర్చులకు వాడుకుంటారు కాబట్టి, పాత లెక్కలన్నీ ఒకచోట రాసి చూశాను. షేరుకు 2021-22లో 14.74 రూపాయలు, 2022-23లో 6.60, 2023-24లో 7.25, 2024-25లో 3.30 వచ్చాయి. చివరి ఏడాది సగానికి పైగా పడిపోయినట్లు కనిపిస్తోంది. పైగా 2025 మార్చి నాటి మధ్యంతర డివిడెండ్‌ను (ఏడాది ముగియకముందే ఇచ్చే భాగాన్ని) ఒకచోట 230 శాతమని రాశారు, మరోచోట ఈల్డ్ నాలుగైదు శాతమే అంటున్నారు. దేన్ని పట్టించుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

సమాధానం 1

మీరు రాసిన అంకెలు సరైనవే కానీ, వాటిని ఉన్నవున్నట్లుగా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 2024 డిసెంబరు 27 రికార్డు తేదీగా, అంటే ఆ రోజుకు షేర్లు ఎవరి పేరిట ఉంటే వారికి, ఎన్‌ఎండీసీ ప్రతి షేరుకు రెండు బోనస్ షేర్లు ఇచ్చింది. అంటే అప్పటివరకు నాన్నగారి దగ్గర 100 షేర్లు ఉంటే అవి 300 అయ్యాయి. అందువల్ల అంతకు ముందరి డివిడెండ్లన్నింటినీ మూడుతో భాగించాలి. అప్పుడు 14.74 కాస్తా సుమారు 4.91 అవుతుంది, 6.60 స్థానంలో 2.20, 7.25 స్థానంలో సుమారు 2.42 వస్తాయి. వాటి పక్కన 3.30 పెట్టి చూడండి. పాత 100 షేర్లకు 2023-24లో 725 రూపాయలు రాగా, 2024-25కు 990 వచ్చాయి. తగ్గలేదు సరికదా, మూడో వంతుకు పైగా పెరిగింది.

ఇక 230 శాతం సంగతి. కంపెనీలు డివిడెండ్‌ను ముఖ విలువపై (మార్కెట్ ధరతో సంబంధం లేకుండా షేరుకు నిర్ణయించిన మూల విలువపై) శాతంగా చెప్పడం పాత ఆనవాయితీ. ఈ షేరు ముఖ విలువ ఒక్క రూపాయే కాబట్టి 2.30 రూపాయలు 230 శాతమైంది. మదుపరికి ఆ అంకెతో పనిలేదు. ఈల్డ్ అంటే ఏడాది డివిడెండ్‌ను మార్కెట్ ధరతో భాగించగా వచ్చేది. ధర 70 రూపాయలనుకుంటే 3.30కి ఈల్డ్ సుమారు 4.7 శాతం. నాన్నగారు బోనస్‌కు ముందు 180 రూపాయలకు కొని ఉంటే, ఇప్పటి లెక్కలో అది 60 రూపాయలు, కాబట్టి ఆయన పెట్టుబడిపై రాబడి 5.5 శాతం.

సమాధానం 2

పై సమాధానానికి ఒక మాట చేర్చాలి. సర్దుబాటు చేశాక కూడా 2021-22 మిగతా ఏళ్లకంటే చాలా ఎత్తున ఉంది. 2021లో ప్రపంచ మార్కెట్లో ఇనుప ఖనిజం ధర విపరీతంగా పెరగడం వల్ల వచ్చిన లాభమది, దాన్ని ప్రతి ఏటా ఆశించడం తగదు. బైలదిల్లా, దోణిమలై గనుల ఖనిజానికి పలికే ధరే ఈ కంపెనీ ఆదాయాన్ని నిర్ణయిస్తుంది. పైగా 2022 అక్టోబరులో ఈ కంపెనీ నుంచి నగర్నార్ ఉక్కు కర్మాగారం వేరుపడి, పాత వాటాదారులకు షేరుకు ఒకటి చొప్పున ఎన్‌ఎండీసీ స్టీల్ షేర్లు వచ్చాయి. అంతకు ముందరి ధరలో ఆ కర్మాగారం విలువ కూడా కలిసి ఉండేది కనుక, అప్పటి ఈల్డ్‌ను ఇప్పటి ఈల్డ్‌తో నేరుగా పోల్చలేము. ప్రభుత్వ రంగ సంస్థ కావడం వల్ల, నికర లాభంలో 30 శాతం లేదా నికర విలువలో (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేదానిలో) 4 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతకు తగ్గకుండా ఏటా డివిడెండ్ ఇవ్వాలన్న కేంద్ర మార్గదర్శకం దీనికి వర్తిస్తుంది. ఇల్లు నడిపేవారికి అది కొంత భరోసా.

సమాధానం 3

ఈల్డ్ ఒక్కటే చూసి వేరే షేర్లవైపు మాత్రం వెళ్లకండి. గనుల కంపెనీ వేదాంతా 2022-23లో ఐదు మధ్యంతర డివిడెండ్లుగా షేరుకు 101.50 రూపాయలు ఇచ్చింది, మరుసటి ఏడాది 29.50 మాత్రమే ఇచ్చింది. మొదటి అంకెను నమ్ముకుని నెలవారీ ఖర్చులకు ప్రణాళిక వేసుకున్నవారు ఇబ్బంది పడతారు. డివిడెండ్ కోసమని ఎక్స్-డేట్‌కు (ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు) ముందురోజు కొనడమూ లాభసాటి కాదు. ఎక్స్-డేట్ రోజున ధర దాదాపు డివిడెండ్ మేరకు తగ్గి సర్దుకుంటుంది, వచ్చిన డివిడెండ్‌పై పన్ను కూడా పడుతుంది.

2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మొత్తం వాటాదారు ఆదాయంలోనే కలుస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ ఇచ్చేది ఏడాదికి 10,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించే ముందే మినహాయించే పన్ను) కోస్తారు. కాబట్టి నాన్నగారి పన్ను శ్లాబు ఏదో చూసి, పన్ను పోగా మిగిలే ఈల్డ్‌ను లెక్కకట్టండి. బ్యాంకు ఖాతా వివరాలు డీమ్యాట్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో కూడా ఈ వారమే చూడండి. ఏడేళ్లపాటు తీసుకోని డివిడెండ్ మదుపరుల రక్షణ నిధికి బదిలీ అవుతుంది, దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి పెద్ద వయసువారు చాలా తిరగవలసి వస్తుంది.