ఎండాకాలంలో పెరటి నిండా దోమలు: వాన చుక్క లేకుండా యాడి నుంచి వస్తున్నాయి?

పెరటిమల్లి, అనంతపురం

అందరికీ నమస్తే. పెరడు రెండు సెంట్లు ఉంటుంది. రెండు అరటి చెట్లు, కరివేపాకు, మల్లె పందిరి, నలభై దాకా కుండీలు. కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి కాబట్టి 200 లీటర్ల డ్రమ్ములు రెండు, సిమెంటు తొట్టి ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంటాయి. తామర వేసిన టబ్బు ఒకటి ఉంది. కిటికీకి కూలర్. చెట్లకు పోయడానికి చెనక్కాయ చెక్క బకెట్లో నానేసి పెడతాము.

సాయంత్రం మల్లెమొగ్గలు కోయబోతే చీలమండల దగ్గర కుట్టి పెడుతున్నాయి. రాత్రి ఇంట్లో మళ్లీ వేరే గోల. నిమ్మగడ్డి, తులసి, బంతి వరుసగా నాటినా తేడా లేదు. వేపాకు పొగ వేసినంతసేపే. ఫాగింగ్ బండి వచ్చిపోయిన మర్నాడే మళ్లీ అంతే. ఏ మొక్క నాటాలి, ఏ మందు కొట్టాలి? చిన్నపిల్లలున్న ఇల్లు.

మిద్దెతోట, కడప

అక్కా, మొక్కల సంగతి పక్కన పెట్టండి. నిమ్మగడ్డి నూనెకు దోమ కొంచెం జంకుతుంది గానీ నాటిన గడ్డికి కాదు. ఆకు నలిపితే తప్ప ఆ వాసన గాలిలోకి రాదు. బంతి, తులసీ అంతే. ఫాగింగ్ పొగ ఆ పూట ఎగురుతున్న దోమను చంపుతుంది, నీళ్లలో ఉన్న పురుగును ముట్టుకోదు. మర్నాడు కొత్తవి లేస్తాయి.

మే ఎండకు బయట గుంటలన్నీ ఎండిపోతాయి. అప్పుడు దోమకు మిగిలేది మనం దాచుకున్న నీళ్లే. తోట దానికి పగలు తలదాచుకునే నీడ మాత్రమే, పుట్టిల్లు కాదు. మీరు రాసినదాంట్లోనే పుట్టిళ్లు అయిదు కనిపిస్తున్నాయి: డ్రమ్ములు, తొట్టి, తామర టబ్బు, కూలర్, చెనక్కాయ చెక్క నానేసిన బకెట్.

సాయంత్రం చీలమండల దగ్గర కుట్టేది కాళ్ల మీద తెల్ల చారలుండే ఏడిస్. డెంగీ తెచ్చేది అదే. పొద్దున ఎండెక్కే వేళ, పొద్దు వాలే ముందు దాని జోరు ఎక్కువ. తేట నీళ్లు దానికి ఇష్టం, పుట్టిన చోటి నుంచి సాధారణంగా వంద, రెండు వందల మీటర్లు దాటి పోదు. అంటే అది మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టిందే. రాత్రి కుట్టేది ఎక్కువగా క్యూలెక్స్. దానికి మురుగు, సెప్టిక్ ట్యాంకు, కుళ్లిన నీళ్లు కావాలి.

వెచ్చని నీళ్లలో గుడ్డు నుంచి దోమ లేచేదాకా వారం, పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం డ్రై డే (నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) అంటారు, వారానికి ఒకసారి ఆ వరుస తెగితే చాలు. అయితే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నీళ్లు పారబోసి మళ్లీ కొళాయి పట్టేస్తారు. ఏడిస్ గుడ్లు నీటిలో ఉండవు, నీటి గీతకు కాస్త పైన గోడకు అతుక్కొని ఉంటాయి. తొట్టి లోపలి గోడను టార్చి వేసి పక్కగా చూడండి, గసగసాల కన్నా సన్నటి నల్ల చుక్కలు కనబడతాయి. ఎండినా అవి నెలల తరబడి చావవు, నీళ్లు తగిలిన రోజు పొదుగుతాయి. కాబట్టి పారబోసాక కొబ్బరి పీచుతోనో గట్టి బ్రష్షుతోనో గోడ చుట్టూ, ముఖ్యంగా అంచు నుంచి జానెడు కింది దాకా బాగా రుద్దాలి. కడిగిన నీళ్లు మట్టిలో పోయండి, కాలవలో కాదు. ఆ తర్వాత రెండు గంటలు ఎండలో బోర్లించండి.

డ్రమ్ము మీద గోనెసంచి కప్పితే లాభం లేదు, దాని కన్నాల్లోంచి దోమ హాయిగా దూరుతుంది. పాత నూలు పంచె రెండు మడతలు వేసి, సైకిల్ ట్యూబు కోసిన పట్టీతో అంచు చుట్టూ బిగించండి. గుడ్డ నడుమ కిందికి జారి నీళ్లు తగిలితే ఆ తడి మీదే గుడ్లు పెడుతుంది, అందుకని లాగి కట్టాలి. తాగే నీళ్లలో వేసేంత బ్లీచింగ్‌కు పురుగులు చావవు, దాన్ని నమ్ముకోవద్దు.

చల్లగాలి, కర్నూలు

కూలర్ గురించి ఒక మాట. నీళ్లు అయిపోతూ ఉంటే పైన పోసుకుంటూ పోతారు తప్ప అడుగు ఎప్పుడూ ఖాళీ కాదు. పంపు పీల్చుకోలేని చివరి రెండు అంగుళాల నీళ్లలోనే అంతా పెరుగుతుంది. వారానికోసారి ప్లగ్ తీసి కిందున్న బిరడా విప్పి పూర్తిగా వంచేయండి, మూలలు రుద్దండి, గడ్డి ప్యాడ్లు తీసి ఎండబెట్టండి. ప్యాడ్ కింది అంచు నీళ్లలో నానుతుంటుంది, అక్కడా గుడ్లుంటాయి. సీజన్ అయిపోయాక కడగకుండా అటక మీద పెడితే వచ్చే ఏడు నీళ్లు పోసిన వారానికే దోమలు లేస్తాయి.

ఫ్రిజ్ వెనక ట్రే, పిట్టలకు పెట్టిన మూకుడు, మనీప్లాంట్ సీసా కూడా చూడండి. మూకుట్లో నీళ్లు రోజూ మారుస్తూ రెండు రోజులకోసారి తోమితే సరి, పిట్టలకు నీళ్లు మానొద్దు.

కుండీల పని, కర్నూలు

డ్రమ్ముల్లో పాత ఇంజను ఆయిల్ ఒక చుక్క వేస్తే తేలుతుంది, పురుగులకు ఊపిరాడదు. ఖర్చు లేదు.

మిద్దెతోట, కడప

వద్దన్నా. పురుగు చావడం నిజమే, కానీ ఆ నీళ్లు మొక్కలకు పోసేవి. ఇంజను ఆయిల్లో సీసం లాంటి లోహాలుంటాయి, కరివేపాకు, అరటి తినేవి కదా. తామర టబ్బులో నూనె పొర పడితే చేపలకూ గాలి అందదు.

మందు తప్పనిసరి అనుకుంటే బీటీఐ అనే బాక్టీరియా పొడి మంచిది. దాన్ని తిన్న దోమ పురుగు చస్తుంది; చేప, పిట్ట, తేనెటీగ జోలికి పోదు. మోతాదు ప్యాకెట్ మీద రాసినంత. ఎండకు దాని బలం తగ్గుతుంది కాబట్టి వారం, పది రోజులకోసారి మళ్లీ వేయాలి. ఇంకో సంగతి, కామా ఆకారంలో ముడుచుకుని తేలేవి ప్యూపాలు, అంటే పురుగు దోమగా మారే ముందు దశ. అవి ఏమీ తినవు, అందుకే వాటికి బీటీఐ పనిచేయదు. వేసిన తర్వాత రెండు రోజులు దోమలు లేస్తూనే ఉంటే మందు నకిలీదని అనుకోకండి.

ఆరోగ్య సిబ్బంది నీళ్లలో వేసే టెమిఫాస్ అనే పురుగుల మందు మోతాదు లీటరుకు ఒక మిల్లీగ్రాము. 50 శాతం ద్రావణమైతే 200 లీటర్ల డ్రమ్ముకు అర మిల్లీలీటరు కూడా పట్టదు. మూతతో కొలిచి పోసే పని కాదు, వాళ్ల చేతనే వేయించుకోండి.

పెరటిమల్లి, అనంతపురం

ధన్యవాదాలు. ఇప్పుడే టార్చి వేసి చూశాను. సిమెంటు తొట్టిలో, చెక్క బకెట్లో తల కిందులుగా వేలాడే పురుగులు. మిద్దె మీద ట్యాంకులో ఉన్నవి మాత్రం నీటి మీద పుల్ల పడుకున్నట్టు అడ్డంగా ఉన్నాయి. ఇవి వేరేవా?

తామరకుంట, కడప

వేరేవే. తలకిందులుగా వేలాడేవి ఏడిస్, క్యూలెక్స్. అడ్డంగా పడుకునేది అనాఫిలిస్, మలేరియా మోసేది. పట్నాల్లో ట్యాంకుల్లో, బావుల్లో పెరిగేది దాని రకమే. ట్యాంకు మూత బిగుతుగా లేదన్నమాట. మూతతో పాటు ఓవర్‌ఫ్లో పైపు నోటికి, గాలి పైపు నోటికి జాలీ కట్టండి, కన్నం ఒక మిల్లీమీటరు దాటకూడదు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికీ అదే. మన ఎండకు నైలాను వల ఒకటి రెండేళ్లలో పొడిపొడి అవుతుంది, ఇనుప జాలీని ఆ గ్యాసు తినేస్తుంది; స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ కట్టి అదే స్టీలు తీగతో బిగిస్తే నిలుస్తుంది.

చెక్క బకెట్ అసలు దొంగ. చెనక్కాయ చెక్క పులిసిన వాసనే గుడ్లు పెట్టబోయే క్యూలెక్స్‌ను పిలుస్తుంది. మూడు రోజులకు మించి నానబెట్టకుండా వాడేయండి, నూలు గుడ్డ కట్టండి. జీవామృతం డ్రమ్ముకూ ఇదే మాట.

తామర టబ్బుకు చేపలే మందు. వంద లీటర్లకు గప్పీలు ఆరు చాలు. కొళాయి నీళ్లు ఒక రోజు నిలవ పెట్టాకే చేపలు వదలండి, నీళ్లు మార్చినా మూడో వంతుకు మించొద్దు. మధ్యాహ్నం టబ్బుకు నీడ లేకపోతే గప్పీలు తేలిపోతాయి. గంబూషియా ఎండకు గట్టిది, మలేరియా విభాగం వాళ్ల దగ్గర దొరుకుతుంది, కానీ అది వేరే చేపల పిల్లల్ని తినేస్తుంది. చెరువుల్లో, వంకల్లో మాత్రం వదలకండి. చేపలకు మేత ఎక్కువేస్తే పురుగుల్ని పట్టించుకోవు, ఆకులు నీటి పైనంతా కమ్మేసినా వాటి కింద పురుగు దాక్కుంటుంది. సగం నీరు తెరిచి ఉంచండి.

చల్లగాలి, కర్నూలు

నీడ సంగతి ఎవరూ చెప్పలేదు. మల్లె, క్రోటన్ల కింది కొమ్మలు నేల నుంచి అడుగు ఎత్తు దాకా కోసేయండి, గాలి ఆడుతుంది. నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయండి. పైపుతో అరటి మీద కొడితే ఆకు మొదళ్ల దొప్పల్లో నిలుస్తాయి. కోసిన అరటి బోదె నిలువునా చీల్చేయండి, లేకపోతే నడుమ గిన్నెలా నీళ్లు పడతాయి. కుండీ కింద ప్లేట్లు తీసేసి ఇటుకల మీద పెట్టండి. మొక్క మొదట్లో బుడ్డల (చెనక్కాయల) పొట్టు రెండు అంగుళాలు పరిస్తే నీళ్లే తక్కువ పడతాయి. మొగ్గలు కోసేటప్పుడు స్టాండు ఫ్యాను కిందికి వంచి కాళ్ల మీదికి పెట్టుకోండి. దోమ గాలికి ఎదురు ఎగరలేదు.

పెరటిమల్లి, అనంతపురం

డ్రిప్పు వాల్వుల డబ్బా ఒకటి నేలలో పూడ్చి ఉంది. మూత ఉంది కదా అని వదిలేశాను, దాన్నీ తెరవాలా?

చల్లగాలి, కర్నూలు

తెరవండి. వాల్వు దగ్గర చుక్క చుక్క కారి అడుగున నిలుస్తుంది, మూత సందు దోమకు చాలు. డబ్బా ఎత్తి కింద అడుగు లోతు తవ్వి ముప్పావు అంగుళం సైజు కంకర నింపండి, అడుగున నాలుగు రంధ్రాలు పెట్టి మళ్లీ కూర్చోబెట్టండి. కారే చోట టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టండి.