‘ఇనెగ్జిస్టెంట్’ అంటే లేనిదా, లోపల ఉన్నదా?

ప్రశ్న:
తత్త్వవేత్త ఫ్రాంజ్ బ్రెంటానో 1874లో జర్మన్‌లో వెలువరించిన మనోవిజ్ఞాన గ్రంథంపై ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘ఇంటెన్షనల్ ఇనెగ్జిస్టెన్స్’ అన్న మాట వచ్చింది. ‘ఇనెగ్జిస్టెంట్’కు నిఘంటువులో ‘లేని’ అన్న అర్థం చూసి ‘అవిద్యమానత’ అని రాశాను. చదివిన మిత్రులొకరు అర్థం తలకిందులైందన్నారు. ఏది సరి?

మొదటి సమాధానం:
మీరు రాసినదే సరి. ‘ఇన్‌విజిబుల్’, ‘ఇన్‌కరెక్ట్’ అన్న మాటల్లో లాగానే ఇక్కడా ‘ఇన్’ నిషేధాన్నే చెబుతుంది. ఇంగ్లీషులో ‘నాన్ఎగ్జిస్టెంట్’ ఉండటం వల్ల ఇది అరుదుగా కనిపిస్తుంది గానీ, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో దీని తోటి మాటలు ‘లేనిది’ అన్న అర్థంలో నేటికీ వాడుకలో ఉన్నాయి.

రెండవ సమాధానం:
లాటిన్‌లో రూపం ఒకటే అయినా పుట్టుక వేరైన ‘ఇన్’లు రెండున్నాయి. ఒకటి నిషేధార్థకం, సంస్కృతంలోని అ-, అన్-లకు తోబుట్టువు. రెండవది ‘లోపల’ అని చెప్పేది. పెట్రోలు ట్యాంకరు వెనుక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటే మండనిదని కాదు, ఇట్టే అంటుకుంటుందని అర్థం; అక్కడున్నది ఈ రెండవ ‘ఇన్’. మధ్యయుగ పండితుల లాటిన్‌లో ‘ఇనెగ్జిస్టెన్షియా’ అంటే ఒకదానిలో మరొకటి ఉండటం; ఆ మాట వారిదేనని బ్రెంటానో స్వయంగా చెప్పాడు. వినికిడిలో వినబడేది ఉన్నట్లే, ప్రేమలో ప్రేమించబడేది ఉన్నట్లే, ప్రతి మనోవ్యాపారంలోనూ దాని విషయం ఇమిడి ఉంటుందని ఆయన వాదం. చీకట్లో చెట్టు మీద దెయ్యం ఉందని బిడ్డ తల్లి కొంగు పట్టుకున్నప్పుడు, కొమ్మల్లో ఏమీ లేకపోయినా ఆ భయంలో దెయ్యం ఉంది. దీనిని ‘అవిద్యమానత’ అంటే ఆయన చెప్పదలచినదే పోతుంది. ‘అంతర్విద్యమానత’ అనండి.

మొదటి సమాధానమిచ్చినవారు:
బ్రెంటానో మాట వరకు ఒప్పుకుంటున్నాను. అయితే అమెరికన్ తత్త్వవేత్త రాడరిక్ చిజమ్ 1957 నాటి తన గ్రంథంలో ఈ పదబంధం పేరుతోనే ఒక అధ్యాయం రాసి, మనసు పట్టుకున్న విషయం బయట లేకపోవచ్చునన్న అంశాన్ని ముందుకు తెచ్చాడు. వ్యాసకర్త ఎవరిని అనుసరించారో చూడకుండా మాట మార్చడం తొందరపాటు కాదా?

రెండవ సమాధానమిచ్చినవారు:
లేకపోవచ్చుననడం వేరు, లేదనడం వేరు. అదే బిడ్డ బడిలో కూర్చుని తల్లిని తలచుకుంటే, తల్లి ఇంట్లోనూ ఉంది, తలపులోనూ ఉంది. అక్కడ ‘అవిద్యమానత’ ఎలా పొసగుతుంది?

ప్రశ్న అడిగినవారు:
వ్యాసం మళ్లీ చూశాను. ఆ మాట వచ్చిన వాక్యంలో ‘మనస్సులో’ అని పక్కనే ఉంది. నేను దానిని దాటేసి చదివాను. ‘అంతర్విద్యమానత’ అని దిద్దుతున్నాను. చిజమ్ ప్రస్తావన ఉన్న చివరి పేరాలో మాత్రం ‘బయట లేకపోవచ్చు’ అని విడమరచి రాస్తాను.